తొమ్మిది ప్రశ్నల ఫారం మన పల్లెల్లో అసలు ఏం కొలుస్తోంది? ఫీల్డ్‌వర్క్‌లో పడ్డ చిక్కు

చంద్రగిరి పిల్ల (తిరుపతి):
అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నా. యాభై దాటిన పల్లె ఆడవాళ్ళలో డిప్రెషన్ మీద పని. పీహెచ్‌క్యూ-9 ఫారం తెలుగు అనువాదం పట్టుకుని చంద్రగిరి, పాకాల చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతున్నా. తెలియనివాళ్ళ కోసం చెబుతా. ఇది 2001లో అమెరికాలో వచ్చిన ఫారం. తొమ్మిది ప్రశ్నలు ఉంటాయి. గత రెండు వారాల్లో ఫలానా బాధ ఎన్ని రోజులు ఉందని అడిగి ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు వేస్తాం. మొత్తం 27. 4 లోపు వస్తే పెద్దగా ఏమీ లేనట్టు, 10 గానీ ఆపైన గానీ వస్తే లోతుగా చూడాలి.

మొన్న ఒక ఇంట్లో అవ్వ అరుగు మీద కూర్చుని శెనక్కాయలు వలుస్తోంది. నేను పక్కన కూర్చుని మొదటి ప్రశ్న చదివాను, "పనులు చేయడంలో ఆసక్తి గానీ ఆనందం గానీ లేకపోవడం" అని. ఆమె చేతులు ఆపకుండానే, "పనికి ఆసక్తి ఏందమ్మా, ఆవుకి గడ్డి ఎయ్యకుంటే అది నా ఆసక్తి కోసరం కాచుకోనుంటాదా?" అంది. సున్నా వేశా. రెండో ప్రశ్నలో "కుంగిపోయినట్టు అనిపించడం" అని ఉంది. "పొద్దు కుంగినాక నాకు కండ్లు సరిగ్గా కనబడవు" అంది. మళ్ళీ సున్నా. నిద్రకి, నీరసానికి కలిపి మొత్తం 4 వచ్చింది. ఫారం మడిచి సంచిలో పెట్టుకుంటుంటే అప్పుడు మొదలుపెట్టింది. కొడుకు పోయి రెండేళ్ళయిందంట. "రొమ్ములో మంట, తల బరువు. రాత్రంతా ఆ గోడనే చూస్తా పండుకుంటా. అంతా యాష్టగా ఉండాది, ఎవురితోనూ మాట్లాడబుద్ధి కాదు" అంది.

నా కాగితం మీద మాత్రం ఆమెకి ఏమీ లేదు. ఆశా వర్కర్‌కి చెప్పి, మర్నాడు మళ్ళీ వెళ్ళి కూర్చుని వచ్చాను. కానీ ఆ 4ని నేను ఏం చేయాలి? మా గైడ్‌ని అడిగితే, నిర్ధారించిన ఫారంలో మాట మారిస్తే అది ఆ ఫారం కాకుండా పోతుంది, ముట్టుకోవద్దు అన్నారు. ఆయన చెప్పిందీ నిజమే. అందుకే రెండు రాత్రులుగా నిద్ర లేదు.

లెక్కల మాస్టారు (చిత్తూరు):
అమ్మా, ముందు ఒక మాట. ఒక్క అవ్వని చూసి ఫారం పనికిరాదని తీర్మానం చేయొద్దు. ఇప్పటిదాకా ఎంతమందిని అడిగావు? అందులో ఎంతమంది ఇలా ఫారం మూశాక మాట్లాడారు? అది రాసిపెట్టుకోకపోతే మనకి గుర్తుండేది ఆ అవ్వ ఒక్కతే. మన మనసుని తాకిన కేసే మన లెక్కని తప్పిస్తుంది. నేను ముప్పై ఏళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పాను, ఈ పొరపాటు నేనూ చేశాను.

మీ గైడ్ మాటలోనూ న్యాయం ఉంది. ఎవరికి వాళ్ళు మాటలు మార్చుకుంటూ పోతే తిరుపతి లెక్కని రేపు గుంటూరు లెక్కతో పోల్చలేం.

ఓపీ సిస్టర్ (తిరుపతి):
నేను మానసిక విభాగం ఓపీలో పనిచేస్తా. పుస్తకాలు తెలియవు, రోజూ చూసేది చెప్తా. ఓపీకి వచ్చినవాళ్ళలో "నాకు దిగులుగా ఉంది" అని నోరు తెరిచేవాళ్ళు తక్కువ. గ్యాస్ అంటారు, నరాల వీక్‌నెస్ అంటారు, గుండెదడ అంటారు, అరికాళ్ళలో మంటలు అంటారు. చంద్రగిరి పిల్లా, నీకు ఒకటి అడుగుతా. నువ్వు ప్రశ్నలు అడిగేటప్పుడు పక్కన ఎవరున్నారు? మా దగ్గర కోడలిని అడిగితే అత్త జవాబు చెప్తుంది. "బాగానే పండుకుంటుంది మేడమ్, ఏడు గంటలకి లేపినా లేవదు" అని. ఆ పిల్ల తల వంచుకుని ఉంటుంది. అత్తని టోకెన్ కోసం కిటికీ దగ్గరికి పంపిస్తే ఆ రెండు నిమిషాల్లో మొత్తం బయటికి వస్తుంది.

ఇంకోటి, డాక్టర్ అడిగితే "పర్వాలేదు సార్" అంటారు. బాగున్నామని కాదు. పెద్దాయన అంత అడిగినాడు, బాగలేదంటే ఆయన మందు పనిచేయలేదని చెప్పినట్టు అవుతుంది కదా అని. మర్యాద కోసం అనే మాట అది. ఫారంలో మార్కు పడిపోతుంది.

చంద్రగిరి పిల్ల:
అక్కా, ఆ రోజు కోడలు వాకిట్లో ముగ్గు పిండి జల్లెడ పడుతోంది. నేను ఆ సంగతి నోట్‌బుక్‌లో కూడా రాయలేదు. ఆమె లోపలికి వెళ్ళాకే అవ్వ మాట్లాడింది. మీరు అడిగేదాకా నాకు తట్టలేదు.

పుత్తూరు అబ్బాయి:
నేను ఎంఎస్సీ మొదటి సంవత్సరం. మా క్లాసులో చెప్పింది ఏమిటంటే, పడమటి దేశాలవాళ్ళు బాధని మనసుతో చెప్తారు, మనవాళ్ళు ఒంటితో చెప్తారు, అది సంస్కృతి తేడా అని. అంటే మనవాళ్ళకి వేరే ఫారం కావాలి అంతేగా?

క్లినిక్ టేబుల్ (చిత్తూరు):
తమ్ముడూ, ఆ మాట చాలా చోట్ల చెప్తారు, కానీ సగమే నిజం. నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని. ఎంఫిల్‌లో నేనూ అదే నేర్చుకున్నా, తర్వాత మార్చుకోవాల్సి వచ్చింది.

14 దేశాల్లో, 15 కేంద్రాల్లో జరిగి 1999లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. మన బెంగళూరు కూడా అందులో ఒక కేంద్రం. డిప్రెషన్ ఉన్న 1146 మందిని చూస్తే 69 శాతం మంది డాక్టర్ దగ్గరికి ఒంటి బాధలే చెప్పుకుంటూ వచ్చారు. అది అన్ని దేశాలూ కలిపిన లెక్క, మన ఒక్కళ్ళది కాదు. మనసు సంగతి నేరుగా అడిగినప్పుడు అప్పుడు కూడా ఏమీ లేదన్నవాళ్ళు 11 శాతమే. నాకు కళ్ళు తెరిపించిన సంగతి వేరే ఉంది. రోగికి ఎప్పటినుంచో తెలిసిన డాక్టర్ ఉన్న కేంద్రాల్లో ఇలా ఒంటి బాధలతోనే రావడం తక్కువ, వెళ్ళిన ప్రతిసారీ కొత్త మొహం కనబడే కేంద్రాల్లో ఎక్కువ. కాబట్టి సంస్కృతి అని మనం పేరు పెట్టేదాంట్లో కొంత భాగం ఓపీ క్యూ కావచ్చు. తెలియని మనిషికి ముందు కడుపులో మంట చెప్తాం గానీ ఇంట్లో గొడవ చెప్తామా? అమెరికాలో పుట్టినవాడైనా అంతే.

మన దక్షిణాదిలోనే రఘురామ్, వైస్ అనే పరిశోధకుల బృందం బెంగళూరులో 80 మంది రోగులతో మాట్లాడి 1996లో ప్రచురించిన పని కూడా చూడు. మనసు దిగులు ఎక్కువగా చెప్పినవాళ్ళకి నలుగురు ఏమనుకుంటారో అనే భయం, అవమానం ఎక్కువ. ఒంటి బాధలు ఎక్కువగా చెప్పినవాళ్ళకి అవి తక్కువ. తలనొప్పి అంటే పెళ్ళి సంబంధం తప్పిపోదు, దిగులు అంటే తప్పిపోతుంది. మన అవ్వలకి మాటలు రాక ఒళ్ళు చూపించడం లేదు. ఏ మాట ఎక్కడ చెప్తే ఏమవుతుందో వాళ్ళకి బాగా తెలుసు.

పుత్తూరు అబ్బాయి:
ఇది మా నోట్స్‌లో లేదు మేడమ్. రాసుకున్నా.

క్లినిక్ టేబుల్:
చంద్రగిరి పిల్ల చిక్కుకి పేరు కూడా ఉంది. ఆర్థర్ క్లైన్‌మన్ అనే మానసిక వైద్యుడు 1977లోనే దాన్ని వర్గీకరణ దోషం అన్నాడు. ఒక సమాజంలో తయారైన జబ్బు పెట్టెని ఇంకో సమాజానికి తీసుకెళ్ళి, అందులో పట్టినవాళ్ళని లెక్కపెట్టి, ఇదిగో ఇక్కడా ఇంతమంది ఉన్నారు అనడం. పెట్టెలో పట్టనివాళ్ళు ఎంతమందో ఆ పద్ధతికి ఎప్పటికీ తెలియదు. నీ అవ్వ పెట్టె బయట ఉంది.

లెక్కల మాస్టారు:
మేడమ్ చెప్పింది ఒప్పుకుంటా. కానీ పెట్టె తప్పని ఊరుకుంటే ఏం లాభం, ఎక్కడ తప్పిందో చూడాలి కదా. పుత్తూరు అబ్బాయి లాంటివాళ్ళకి అర్థమయ్యేలా చెప్తాను. మా నాన్న మామిడికాయల మండీలో లెక్కలు రాసేవాడు, కాటా పోలికే నాకు సులువు.

రెండు ఊళ్ళలో రెండు కాటాలు ఉన్నాయి. మొదట చూడాల్సింది, రెండూ బరువునే తూస్తున్నాయా? ఒకటి బరువూ ఇంకోటి కాయ సైజూ చూస్తుంటే పోలికే లేదు. రెండోది, ఒక కిలో పెరిగితే రెండింట్లోనూ ముల్లు అంతే కదులుతుందా? మూడోది, ఖాళీ కాటా మీద ముల్లు సున్నా దగ్గరే ఉందా, లేక ఒకదాంట్లో ఏమీ పెట్టకుండానే రెండు కిలోలు చూపిస్తోందా? సున్నా తేడా ఉంటే ఆ ఊళ్ళో ప్రతి బుట్టా రెండు కిలోలు ఎక్కువే. స్టాటిస్టిక్స్‌లో కొలత సమానత అంటే ఇదే, మూడు మెట్లుగా పరీక్షిస్తాం. మూడో మెట్టు దాటని ఫారంతో రెండు ఊళ్ళ సగటులు పోల్చి "చిత్తూరులో దిగులు తక్కువ" అని పేపర్ రాస్తే, తప్పు కాటాతో రైతుకి డబ్బులు లెక్కగట్టినట్టే. చాలామంది మొదటి మెట్టు కూడా చూడకుండా సగటులు పోలుస్తారు. అది చూస్తే నాకు కోపం వస్తుంది.

పాకాల జంక్షన్:
నేను చదువుకున్నవాడిని కాదు, ఆటో నడుపుతా. మా తమ్ముడు ఈ చర్చ చూపిస్తే రాస్తున్నా. మా అమ్మకి నాలుగేళ్ళ కింద కడుపులో మంట మొదలైంది. ఒక ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేశారు, ఇంకో చోట స్కాన్ చేశారు, వేలూరు కూడా తీసుకెళ్ళినాం. అన్నీ నార్మల్. చివరికి ఒకాయన ఏమీ లేదు, మానసికం అని రాసి పంపించాడు. అక్కడ ఒక ఫారం చేతికిచ్చి బయట బెంచీ మీద కూర్చుని నింపమన్నారు. మా అమ్మకి చదువు రాదు. నేను చదివి వినిపించా, చుట్టూ జనం. "చచ్చిపోతే బాగుండు అనిపిస్తుందా" అని మా అమ్మని నేనే అడగాల్సి వచ్చింది, గట్టిగా, అందరి ముందూ. మా అమ్మ నా మొహం చూసి "లేదు నాయనా" అంది. కొడుకు అడిగితే ఏ తల్లి అవునంటుంది?

తర్వాత ఒక గుడిలో మూడు వారాలు నిద్ర చేయించినాం. అక్కడ కొంచెం తేరుకుంది. అన్నం తినింది. ఇది చెప్తే చదువుకున్నవాళ్ళు మూఢనమ్మకం అంటారు.

ఓపీ సిస్టర్:
అన్నా, ఆ ఫారం మీ చేతికి ఇవ్వడమే తప్పు. ఆ ప్రశ్న బిడ్డల చేత అడిగించకూడదు. మీరు తప్పేం చేయలేదు. అమ్మ ఇప్పుడు ఎలా ఉంది?

పాకాల జంక్షన్:
ఇప్పుడు మందులు వాడుతోంది, గుడికీ పోతోంది. పోయిన ఏడాది కంటే మేలు.

క్లినిక్ టేబుల్:
పాకాల అన్నా, మీరు చెప్పింది మూఢనమ్మకం అని కొట్టేయడానికి లేదు. తమిళనాడులో ముత్తుస్వామి గుడిలో ఉండి వెళ్ళిన 31 మంది మానసిక రోగుల్ని రఘురామ్ బృందమే చూసి 2002లో రాసింది. లక్షణాల స్కోరు దాదాపు 20 శాతం తగ్గింది, మందులు లేకుండా. ఇంటివాళ్ళు తోడుండేవాళ్ళు, గుడి పనుల్లో చేయి కలిపేవాళ్ళు.

లెక్కల మాస్టారు:
ఆ అధ్యయనం నేనూ చదివాను, గౌరవం ఉంది. కానీ పోల్చడానికి గుడికి వెళ్ళని ఇంకో గుంపు అందులో లేదు. మనిషి బాధ శిఖరం మీద ఉన్నప్పుడే గుడికి తీసుకెళ్తాం. శిఖరం నుంచి ఎటు కదిలినా కిందికే కదా, ఏమీ చేయకపోయినా కొంత తగ్గుతుంది. ఆ 20 శాతంలో గుడిది ఎంత, కాలానిది ఎంత, తోడున్న మనిషిది ఎంత అని ఆ అంకె ఒక్కటే చెప్పలేదు.

ఇంకోటి మర్చిపోవద్దు. ఇదే తమిళనాడులో ఏర్వాడి దర్గా దగ్గర మానసిక రోగుల్ని ఉంచే చోట 2001 ఆగస్టులో మంటలు లేచినప్పుడు 28 మంది కాలిపోయారు. గొలుసులతో కట్టేసి ఉండడం వల్ల తప్పించుకోలేకపోయారు. నమ్మకంతో పంపిన చోటే. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో గొలుసులు వేయడం నిషేధం అని రాయడం వెనక ఇలాంటివన్నీ ఉన్నాయి. గుడి మంచిదా చెడ్డదా అని కాదు, ఆ ఫలానా చోట రాత్రిపూట మనిషిని ఎలా చూస్తున్నారు అన్నది అడగాలి.

పాకాల జంక్షన్:
సార్, అది నిజమే. మేము పోయిన గుడిలో కట్టేయడం లేదు. కట్టేసే చోటు అయితే మా అమ్మని ఒక్క రాత్రి కూడా వదలను.

పుత్తూరు అబ్బాయి:
ఒక డౌట్. గంగమ్మ జాతరలో మా మేనత్తకి ఏటా పూనకం వస్తుంది. మా సీనియర్ ఒకడు అది డిసోసియేషన్, అంటే మనిషి తన స్పృహ నుంచి తాను విడిపోయే మానసిక రుగ్మత అన్నాడు. ఇంట్లో చెప్తే మా నాన్న నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

క్లినిక్ టేబుల్:
మీ నాన్న బాధపడ్డది సరైనదే. ఆ సీనియర్ మాన్యువల్ పూర్తిగా చదవలేదు. మానసిక రుగ్మతల్ని నిర్ధారించడానికి వాడే అమెరికా మాన్యువల్, 2013లో వచ్చిన డీఎస్ఎం-5లోనే, ఆ స్థితి ఆ సమాజంలో అందరూ ఒప్పుకునే మత, సాంస్కృతిక ఆచారంలో భాగమైతే దాన్ని రుగ్మత అనకూడదని ఉంది. మీ మేనత్త జాతర రోజు పూనకంలో ఉంటుంది, నిమ్మకాయ ఇచ్చి పసుపు నీళ్ళు పోస్తే దిగుతుంది, మర్నాడు సంగటి కెలికి అందరికీ పెడుతుంది. అందులో జబ్బు ఏముంది? అదే మనిషికి జాతరతో పనిలేకుండా నడిరోడ్డు మీద వస్తూ, ఆమెకే అది భయంగా ఉండి, ఇంట్లోవాళ్ళు కూడా "ఇది అమ్మ కాదు, వేరే ఏదో" అంటుంటే అప్పుడు నేను కూర్చుని వింటాను. ఆ తేడా నాకంటే ముందు ఊళ్ళోవాళ్ళే పట్టేస్తారు. అందుకే వాళ్ళని అడగాలి.

అదే మాన్యువల్‌లో 16 ప్రశ్నల సాంస్కృతిక ఇంటర్వ్యూ ఉంది. నీ బాధని మీ ఇంట్లో ఏ పేరుతో పిలుస్తారు, ఎందుకు వచ్చిందనుకుంటున్నావు, ఇప్పటిదాకా ఎవరెవరి దగ్గరికి వెళ్ళావు, నీకు ఏం సాయం కావాలి, ఇలా. నేను కొత్త కేసు వస్తే పీహెచ్‌క్యూ కంటే ముందు ఇవే అడుగుతా. పావుగంట ఎక్కువ పడుతుంది. బయట పది మంది ఎదురుచూస్తుంటే కష్టమే, అయినా అడుగుతా, ఎందుకంటే తర్వాత ఫారంలో ఏ మాట వాడాలో ఆ పావుగంటలో వాళ్ళే చెప్పేస్తారు.

చంద్రగిరి పిల్ల:
మేడమ్, మరి అనువాదం సంగతి? మేము పద్ధతి ప్రకారమే చేశాం. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి ఒకరు, ఆ తెలుగు నుంచి మళ్ళీ ఇంగ్లిష్‌లోకి ఇంకొకరు. బ్రిస్లిన్ 1970లో చెప్పిన తిరుగు అనువాదం. రెండు ఇంగ్లిష్‌లూ అచ్చం కలిశాయి, కమిటీలో మెచ్చుకున్నారు కూడా.

క్లినిక్ టేబుల్:
అనువదించిన ఇద్దరూ ఏం చదువుకున్నారు?

చంద్రగిరి పిల్ల:
ఇద్దరూ ఇంగ్లిష్ మీడియం, పీజీ.

క్లినిక్ టేబుల్:
అదీ సంగతి. ఒకే బడిలో చదివినవాళ్ళు ఒకరి మాట ఒకరికి అర్థమవుతుంది. "కుంగిపోవడం" అనగానే రెండో ఆయనకి ఇంగ్లిష్ పదమే గుర్తొచ్చింది. పొద్దు కుంగడం గుర్తొచ్చేది అవ్వకి. తిరుగు అనువాదంతో పరీక్ష అయ్యేది అనువాదకులే, వినేవాళ్ళు కాదు. దాని తర్వాత ఇంకో పని ఉంది. ప్రశ్న చదివి, "ఇప్పుడు నేను ఏం అడిగానో మీ మాటల్లో చెప్పండి" అని పది పదిహేను మందిని అడగాలి. జవాబు కాదు, ప్రశ్న వాళ్ళకి ఎలా వినబడిందో అడగాలి. విసుగ్గా ఉంటుంది గానీ అక్కడే అన్నీ బయటపడతాయి.

తొమ్మిదో ప్రశ్న గురించి మాత్రం జాగ్రత్త. "ఆ దేవుడు నన్ను తీసుకుపోతే బాగుండు" అనే మాట మన పెద్దవాళ్ళ నోట రోజూ వస్తుంది. ఊతపదం అని వదిలేయొద్దు, వినగానే హడలిపోవద్దు. ఆ ప్రశ్నలోనే చచ్చిపోతే మేలనుకోవడం, తనకి తాను హాని చేసుకోవాలనుకోవడం రెండూ కలిసి ఉన్నాయి. కాబట్టి అవునంటే ఒంటరిగా కూర్చోబెట్టి విడివిడిగా అడుగు. ఎలా చేసుకోవాలని అనుకున్నావమ్మా, ఇంట్లో పురుగుమందు ఉందా అని అడుగు. అడిగినంత మాత్రాన కొత్తగా ఆ ఆలోచన రాదు. ఉందంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి, పురుగుమందు డబ్బా ఇల్లు దాటించాలి. టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఆ నంబరు కాగితం మీద రాసి ప్రతి ఇంట్లో ఇచ్చిరా.

ఓపీ సిస్టర్:
రోజులు లెక్కపెట్టించడానికి నేను చేసే పని చెప్పనా? "సగం కంటే ఎక్కువ రోజులు" అంటే మా పేషెంట్లకి అర్థం కాదు. వారం, శుక్రవారం, అమావాస్య అయితే తెలుసు. నేను పద్నాలుగు చింతగింజలు చేతిలో పోస్తా. "ఇవి పోయిన రెండు వారాలు. నిద్ర పట్టని రాత్రులు ఇటు పెట్టు, పట్టినవి అటు పెట్టు" అంటా. ఒకామె పదకొండు ఇటు పెట్టి, పన్నెండోది చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించి, "ఆ రోజు మా అక్క వచ్చింది, అక్క పక్కన పండుకున్నా" అని అటు పెట్టింది. ఆ ఒక్క గింజతో ఆమెకి ఏది మందో నాకు అర్థమైంది.

లెక్కల మాస్టారు:
సిస్టరమ్మా, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. చంద్రగిరి పిల్లా, ఇది చెయ్యి, కానీ పద్ధతిగా చెయ్యి. ఫారం యథాతథంగా ఒకసారి, మార్చిన మాటలూ చింతగింజలతో ఒకసారి. ఎవరికి ఏది ముందో చీటీ తీసి నిర్ణయించు. రెండింటి మధ్య కొన్ని రోజులు విడువు. ఆ మనుషుల్నే, నీ స్కోరు తెలియని క్లినికల్ సైకాలజిస్ట్ ఒకరు విడిగా ఇంటర్వ్యూ చేయాలి. అప్పుడు ఏ కాటా ఎంత తప్పుతోందో అంకెతో చూపించొచ్చు. మీ గైడ్ కూడా కాదనరు, ఎందుకంటే నువ్వు ఫారం పాడుచేయడం లేదు, పరీక్షిస్తున్నావు. పక్కన ఎవరున్నారో రాయడానికి కూడా ఒక గడి పెట్టు.

క్లినిక్ టేబుల్:
ఆ ఇంటర్వ్యూలు నేను చేస్తా. ఆదివారాలు ఖాళీ.

చంద్రగిరి పిల్ల (పన్నెండు రోజుల తర్వాత):
గైడ్ ఒప్పుకున్నారు. ఎథిక్స్ కమిటీకి మార్పుల కాగితం పెట్టాను, అనుమతి వచ్చాకే పల్లెల్లో మొదలుపెడతా. ఈలోపు మా ఇంట్లోవాళ్ళనీ, అమ్మ స్నేహితురాళ్ళనీ కూర్చోబెట్టి ప్రశ్న ఎలా వినబడుతోందో అడిగాను. మొదటి ప్రశ్నకి "ఆసక్తి" తీసేసి, "ముందు ఏది చేస్తే మీకు బాగా అనిపించేదో, అది ఇప్పుడు చేయబుద్ధి అవుతోందా?" అని పెట్టాను. మా పెద్దమ్మ వెంటనే, "ముగ్గు. ముందు చుక్కల ముగ్గు వేసేదాన్ని, ఇప్పుడు రెండు గీతలు గీసి లోపలికొస్తా" అంది. నేను ఆమెని ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా. రోజూ ఆ వాకిలి దాటే కాలేజీకి పోయాను.

"కుంగిపోవడం" బదులు "దిగులు" పెట్టాలా "యాష్ట" పెట్టాలా అన్నది తేలలేదు. యాష్ట అంటే కొందరికి విసుగు మాత్రమే. కుప్పం, పలమనేరు వైపు తమిళం, కన్నడం కలిసిన ఇళ్ళలో ఏమంటారో కూడా కావాలి. పాకాల అన్నా, ఇబ్బంది లేకపోతే ఒకటి అడుగుతా. అమ్మ తన బాధని మొదట్లో ఏ మాటతో చెప్పేది?

పాకాల జంక్షన్:
అమ్మనే అడిగి రాస్తున్నా. "లోపల ఎవురో పొయ్యి ఆర్పకుండా పోయినట్టు ఉండాది" అనేదంట. ఆ మాట డాక్టర్‌కి నేను "కడుపులో మంట" అని చెప్పినా.